పాత సీఆర్వో మూలపడితే మళ్లీ అలాంటిదే కొనాలా, డిజిటల్‌కి మారాలా?

పాత సీఆర్వో (సిగ్నల్‌ని సీఆర్టీ అనే గాజు ట్యూబు తెర మీద గీతగా చూపించే అనలాగ్ ఆసిలోస్కోప్) పాడయ్యాక "అచ్చం అలాంటిదే ఇంకొకటి దొరుకుతుందా" అని వెతికేవాళ్లు హైదరాబాద్‌లో ఇప్పటికీ తక్కువేం కాదు. ఆంప్లిఫయర్లు బాగుచేసేవాళ్లు ఉన్నారు, ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీల మీద పని నేర్చుకుని ఇప్పుడు ఇన్వర్టర్ ఏసీ బోర్డులు చూస్తున్న మెకానిక్కులు ఉన్నారు, పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఆకుపచ్చ గీత చూస్తూ చదువుకుని రిటైరయ్యాక ఇంట్లో బెంచీ పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. వీళ్లందరికీ డిజిటల్ స్కోప్ అంటే ఒకటే అనుమానం: అది చూపించేది సిగ్నలేనా, లేక తనకు తోచిన బొమ్మా? ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. మొదటి తరం చవక డిజిటల్ స్కోపులు నిజంగానే మోసం చేశాయి. కాకపోతే అప్పటి సంగతి పట్టుకుని ఇప్పుడు నిర్ణయం తీసుకుంటే నష్టపోయేది మనమే.

నా మాట ముందే చెప్పేస్తాను. డబ్బు పెట్టి కొనేది ఒక్క స్కోపే అయితే డిజిటల్ కొనండి, కానీ మెమరీ (తరంగాన్ని పాయింట్లుగా దాచుకునే చోటు) ఎక్కువున్నది కొనండి. అనలాగ్ కొనాలంటే మాత్రం దాని మూత విప్పి రిపేరు చేసుకోగల చేయి మీకు ఉండాలి, లేదా అది దాదాపు ఉచితంగా రావాలి. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, వాటి గురించి కింద చెబుతాను.

ముందు ఉన్నదాన్ని చూడండి

"పోయింది" అన్న సీఆర్వోల్లో కొన్ని అసలు పోయి ఉండవు. గీత కనబడటం లేదంటే ముందు ట్రిగ్గర్‌ని (గీత ఎప్పుడు మొదలవ్వాలో తేల్చే ఏర్పాటుని) ఆటోలో పెట్టండి, బ్రైట్‌నెస్ పెంచండి, రెండు పొజిషన్ నాబ్‌లూ మధ్యకు తెండి, ఎక్స్‌వై బటన్ నొక్కి ఉందేమో చూడండి. బీమ్ ఫైండ్ బటన్ ఉంటే నొక్కండి. చుక్క ఏదో ఒక మూల కనిపించిందంటే సీఆర్టీ బతికే ఉంది, జబ్బు యాంప్లిఫయర్ వైపు ఉంది.

వోల్ట్స్ పర్ డివిజన్ స్విచ్ తిప్పినప్పుడు గీత గెంతుతోందా? అది చాలావరకు మన దుమ్ము, వానాకాలం తేమ కలిసి చేసే పని. కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. గీత పైనా కిందా అలలా ఊగుతుంటే పవర్ సప్లయిలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. కోఠి గుజరాతీ గల్లీలో వాటికి అయ్యే ఖర్చు ఆటో ఛార్జీకి మించదు. 1972లో వచ్చిన టెక్ట్రానిక్స్ 465 లాంటి పాత మంచి స్కోపుల్లో టాంటలం కెపాసిటర్లు వయసు మీదపడి షార్ట్ కావడం అందరికీ తెలిసిన జబ్బే. షార్టయినదాన్ని పట్టుకుని మార్చితే స్కోప్ లేచి కూర్చుంటుంది.

ఒక హెచ్చరిక. సాదా 20 మెగాహెర్ట్జ్ సీఆర్వోలో కూడా ట్యూబు దగ్గర 2,000 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. 100 మెగాహెర్ట్జ్ తరగతిలో 10,000 దాటుతుంది. ప్లగ్ తీసేశాక కూడా ఛార్జి నిలిచే ఉంటుంది. టీవీల ఈహెచ్‌టీ (పిక్చర్ ట్యూబుకి ఇచ్చే హై వోల్టేజ్) మీద పనిచేసిన అలవాటు లేకపోతే మూత తీయొద్దు.

వదిలేయాల్సినవి ఏవంటే: సీఆర్టీ వెలుగు పూర్తిగా తగ్గిపోయినవి, హై వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ కాలినవి, ఇంకా కంపెనీ తన కోసమే చేయించుకున్న ఐసీలు పోయినవి. టెక్ట్రానిక్స్ 2465 కుటుంబం అనలాగ్‌లో రాజులాంటిది, 300 మెగాహెర్ట్జ్ పైమాటే. కానీ లోపల ఉన్న ప్రత్యేక హైబ్రిడ్ ఐసీ ఒక్కటి పోతే ఇంకో చచ్చిన 2465 నుంచి పీక్కోవడమే దారి. 2465బీలో క్యాలిబ్రేషన్ అంకెలన్నీ బ్యాటరీ మీద నిలిచే మెమరీలో ఉంటాయి. ఆ బ్యాటరీ అయిపోతే అంకెలూ పోతాయి. మీది అలాంటిదై ఇంకా నడుస్తూ ఉంటే, ఆ మెమరీని ముందే కాపీ చేయించి పెట్టుకోండి.

అనలాగ్ మీద ప్రేమకు అసలు కారణం

పవర్ ఆంప్లిఫయర్ రిపేరు చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. 1 కిలోహెర్ట్జ్ సైన్ ఇచ్చి, టైమ్ బేస్ (తెర మీద ఒక్కో గడికి ఎంత సమయమో) 0.2 మిల్లీసెకన్ల దగ్గర పెట్టి, అవుట్‌పుట్ చూస్తారు. తరంగం అందంగానే ఉంటుంది, కానీ పై వంపులో ఒకచోట గీత కొంచెం లావెక్కి, పొగ పట్టినట్టు కనిపిస్తుంది. ఆ లావు చూడగానే విషయం తెలిసిపోతుంది: అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఆ వోల్టేజ్ దగ్గరకు వచ్చినప్పుడు ఏ 3 మెగాహెర్ట్జ్ దగ్గరో సొంతంగా ఊగుతున్నాయి. హీట్‌సింక్ ఉత్తపుణ్యానికి వేడెక్కడం, ట్వీటర్లు మాటిమాటికీ పోవడం అన్నీ దాని చలవే. సీఆర్వోలో దీనికోసం ఏ సెట్టింగూ మార్చక్కర్లేదు. ఎలక్ట్రాన్ కిరణం సిగ్నల్ ఎటు లాగితే అటు పోతుంది, అంతే.

ఇదే సిగ్నల్‌ని 2,500 పాయింట్ల మెమరీ ఉన్న పాత డిజిటల్ స్కోప్‌లో పెట్టి చూడండి. టెక్ట్రానిక్స్ టీడీఎస్ 210, 220 తరం గుర్తుందిగా, ముందు అట్ట మీద "1 గిగా శాంపిల్" (సెకనుకు 100 కోట్ల శాంపిళ్లు, అంటే కొలతలు) అని రాసి ఉండేది. అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. 0.2 మిల్లీసెకన్లు చొప్పున పది గళ్లంటే మొత్తం 2 మిల్లీసెకన్లు. ఆ నిడివిని 2,500 పాయింట్లలోనే ఇరికించాలంటే సెకనుకు 12.5 లక్షల శాంపిళ్లకు మించి తీసుకోలేదు. 3 మెగాహెర్ట్జ్ ఊగుడుని పట్టుకోవాలంటే సెకనుకు కనీసం 60 లక్షలకు పైన కావాలి. ఫలితంగా ఊగుడు మాయమవచ్చు, లేదా అసలు లేని ఇంకేదో నెమ్మదైన తరంగంలా కనబడవచ్చు. పీక్ డిటెక్ట్ మోడ్ (శాంపిళ్ల మధ్య వచ్చే ఎత్తుపల్లాలనూ పట్టే సెట్టింగ్) పెడితే కొంత బయటపడుతుంది, కానీ అది పెట్టాలని తెలియాలిగా. డిజిటల్ మీద మనవాళ్ల అపనమ్మకం ఇక్కడే పుట్టింది.

ఇప్పుడు అదే లెక్క ఈ రోజుల్లో దొరికే మామూలు బెంచ్ స్కోప్‌కి వేద్దాం. రిగోల్ డీఎస్1054జడ్‌లో 1.2 కోట్ల పాయింట్లు ఉంటాయి. సిగ్లెంట్ ఎస్‌డీఎస్1104ఎక్స్-ఈలో 1.4 కోట్లు. 2023లో వచ్చిన రిగోల్ డీహెచ్‌వో804లో 2.5 కోట్లు. ఒక్క ఛానెల్ మీద 2 మిల్లీసెకన్ల తరంగాన్ని సెకనుకు 100 కోట్ల శాంపిళ్లతో తీసుకోవాలంటే 20 లక్షల పాయింట్లు చాలు. కాబట్టి ఇవేవీ వేగం తగ్గించుకోవాల్సిన పనే లేదు. ఆ పొగ లాంటి లావు వీటిలోనూ కనిపిస్తుంది. పైగా తెర ఆపేసి, దాన్ని పెద్దది చేసి, ఊగుడు ఎన్ని మెగాహెర్ట్జ్‌లో కొలిచి, అది ఏ కెపాసిటర్ లేకపోవడం వల్ల వస్తోందో ఊహించవచ్చు. అందుకే కొనేటప్పుడు శాంపిల్ రేట్ కన్నా ముందు మెమరీ ఎంతో అడగమంటాను. దుకాణంలో ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ.

అయినా అనలాగ్ దగ్గర మిగిలిన గొప్పలు కొన్ని ఉన్నాయి. ఒకటి ఎక్స్‌వై. ఒక్కో ఛానెల్‌ని ఒక్కో అక్షానికి ఇచ్చి లిస్సాజు బొమ్మలు (రెండు సిగ్నళ్లు కలిసి గీసే వంపులు) చూడటం, స్టీరియో క్యాసెట్ హెడ్ కోణం సరిచేయడం, చిన్న ట్రాన్స్‌ఫార్మరూ రెండు రెసిస్టర్లూ పెట్టి డయోడ్లు, జెనర్లు బోర్డు మీదే పరీక్షించడం. హామెగ్ వాళ్లు ఈ కాంపొనెంట్ టెస్టర్‌ని ముందు ప్యానెల్ మీద బటన్‌గానే ఇచ్చేవారు. ఎక్స్‌వైలో అనలాగ్ గీత నూలుపోగులా నున్నగా వస్తుంది. చవక డిజిటల్‌లో చుక్కలు చెదిరిన ముగ్గులా ఉంటుంది. ఎక్స్‌వై మీద రోజూ పనిచేసేవాళ్లకు నా మొదటి మినహాయింపు ఇదే: అనలాగ్ వదలొద్దు.

అమెచ్యూర్ రేడియోవాళ్లూ ఇదే కోవలోకి వస్తారు. నగరంలో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, లైసెన్సు ఉన్న హామ్‌లకు కొదవ లేదు. ట్రాన్స్‌మిటర్ మాడ్యులేషన్ సరిగా ఉందో లేదో మాట్లాడుతూ చూసుకోవడానికి పాత 20 మెగాహెర్ట్జ్ సీఆర్వో చాలా హాయిగా ఉంటుంది. 7, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు దాని పరిధిలోవే.

రెండోది, గీత వెలుగు. తరంగం ఎక్కువసేపు ఉన్నచోట కాంతి ఎక్కువ, ఒక్కసారి మెరిసి పోయినచోట తక్కువ. మంచి డిజిటల్స్ దీన్ని రంగుల తీవ్రతతో అనుకరిస్తాయి, బాగానే అనుకరిస్తాయి. కానీ అవి తెరకు ఒక తరంగం పంపి ఇంకోటి తీసుకునే లోపు కళ్లు మూసుకుంటాయి. సెకనుకు 30,000 తరంగాలు తీసుకునే స్కోప్‌లో, తెర నిడివి 1.2 మైక్రోసెకన్లు అయితే, సెకను మొత్తంలో అది చూసేది 36 మిల్లీసెకన్లే. అనలాగ్‌కి కూడా కిరణం కుడివైపు చేరి వెనక్కి వచ్చే విరామం ఉంది కానీ, ఆ వేగాల్లో దానిది చాలా నయం. అయితే ఎప్పుడో ఒకసారి వచ్చే అరుదైన గ్లిచ్ అనలాగ్ తెర మీద మన కంటికి ఆననంత మసకగా మెరుస్తుంది. డిజిటల్‌లో దానికి తగ్గ ట్రిగ్గర్ పెట్టి టీ తాగి వస్తే పట్టి ఉంచుతుంది.

ఇక "స్విచ్ వేయగానే గీత వస్తుంది, ప్రతి పనికీ ఒక నాబ్ ఉంటుంది" అనే వాదన. ఇందులో నిజం ఉంది. కొత్తవాటిలో ఒకే నాబ్ నాలుగు ఛానెళ్లకూ పంచుకోవాల్సి రావడం చిరాకే, లేచి నిలబడటానికి అర నిమిషం పైనే తీసుకునేవీ ఉన్నాయి. వారం రోజులు వాడితే చేయి అలవాటు పడుతుంది. దీని కోసం మాత్రం పాతది కొనక్కర్లేదు.

సీఆర్వోకి చేతకానిది

ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లయి) రిపేర్లు చేసేవాళ్లు ఈ భాగం కాస్త శ్రద్ధగా చదవాలి. యూసీ3842 ఐసీ ఉన్న సప్లయి "టిక్, టిక్" అంటూ లేవడానికి ప్రయత్నించి పడిపోతోందనుకోండి. ఆ ఐసీ వీసీసీ (దానికి అందే సప్లయి వోల్టేజ్) 16 వోల్టులకు చేరితే మొదలవుతుంది, 10 వోల్టులకు పడిపోతే ఆగిపోతుంది. మనకు కావాల్సింది ఆ అర సెకను కథ: 16కి ఎక్కిందా, ఎక్కాక ఎన్ని పల్సులు ఇచ్చింది, సహాయక వైండింగ్ నుంచి వోల్టేజ్ అందిందా, లేక అందకుండానే 10కి జారిందా. జారితే ఆ చిన్న ఎలక్ట్రోలిటిక్‌ని, దాని డయోడ్‌ని అనుమానించాలి. పల్సులు రెండు మూడు వచ్చి ఆగిపోతే సెకండరీలో షార్ట్‌ని అనుమానించాలి.

సీఆర్వోలో టైమ్ బేస్ 50 మిల్లీసెకన్లకు తెస్తే కనిపించేది ఒక చుక్క కుడివైపుకు నడుచుకుంటూ వెళ్లడమే. అది 16కి ఎక్కినప్పుడు మీరు రెప్ప వేశారంటే మళ్లీ టిక్ కోసం ఎదురుచూడాలి. డిజిటల్‌లో ఒక ఛానెల్ వీసీసీ మీద, ఇంకో ఛానెల్ మాస్‌ఫెట్ గేట్ మీద పెట్టి, సింగిల్ బటన్ నొక్కి, కరెంటు ఇస్తే చాలు. మొత్తం కథ తెర మీద నిలబడిపోతుంది, ఫొటోలాగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. ఇదొక్కటి చాలు ఎస్‌ఎంపీఎస్, ఇన్వర్టర్ ఏసీ, ఈవీ ఛార్జర్ బోర్డులు చూసేవాళ్లు డిజిటల్‌కి మారడానికి. ఈ పనిలో అనలాగ్‌ని వెనకేసుకొచ్చేవాళ్ల మాట నేనైతే పట్టించుకోను.

ఒక మాట మరవకండి: ఆ వీసీసీ, గేట్ రెండూ మెయిన్స్ వైపువి. 230 వోల్టులు రెక్టిఫై అయ్యాక అక్కడ 325 వోల్టుల డీసీ ఉంటుంది. రిపేరు చేస్తున్న బోర్డుని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా నడపాలి. స్కోప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేసి "ఫ్లోట్" చేసే పాత అలవాటు చాలా బెంచీల మీద ఉంది. అలా చేస్తే స్కోప్ లోహపు పెట్టె మొత్తం లైవ్ అవుతుంది. అనలాగ్ అయినా డిజిటల్ అయినా ఇది ప్రాణాల మీదకు తెచ్చే పనే.

ఆర్డుయినో, ఈఎస్‌పీ32 లాంటి చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులతో ఆడే పిల్లల సంగతి తేలిక. ఐ2సీ, ఎస్‌పీఐ, యూఏఆర్‌టీ లైన్ల మీద ఏ బైట్ పోతోందో చదివి చూపించే డీకోడింగ్ కావాలి. సీఆర్వోకి ఆ చదువు రాదు. నాలుగు ఛానెళ్ల డిజిటల్ తీసుకోమనండి, ఎందుకంటే ఎస్‌పీఐకే నాలుగు తీగలు కావాలి. కొనే ముందు దగ్గర నుంచి చూడాలంటే రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ (కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసుకునే కేంద్రం) లాంటి చోట పరికరాలు ఎలా ఉంటాయో ఒకసారి చూసి రావచ్చు.

సెకండ్ హ్యాండ్ సీఆర్వో కొంటే ఇలా చూడండి

హైదరాబాద్‌కి ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఈసీఐఎల్, బాలానగర్, చర్లపల్లి చుట్టుపక్కల ప్రభుత్వ రంగ సంస్థలు, రక్షణ ల్యాబులు, వాటికి సరుకు ఇచ్చే చిన్న పరిశ్రమలు ఎన్నో. ప్రభుత్వ సంస్థలు కండెమ్ చేసిన పరికరాలు ఎంఎస్‌టీసీ (కేంద్ర ప్రభుత్వ రంగ వేలం సంస్థ) లాంటి వేలాల్లో లాట్లుగా పోతాయి, వాటిని కొన్నవాళ్లు విడివిడిగా అమ్ముతారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కూడా అదృష్టం బాగుంటే ఒకటి కంటపడుతుంది. సంతలో కొంటే బల్బు వెలిగే హామీ కూడా ఉండదు, ఆ ధరకే కొనండి. వేరే ఊరి నుంచి కొరియర్‌లో మాత్రం తెప్పించొద్దు. సీఆర్టీ మెడ విరగడానికి ఒక్క కుదుపు చాలు.

అమ్మేవాడు స్విచ్ వేసి, ఆకుపచ్చ గీత చూపించి, "లైట్ వస్తోంది కదన్నా, ఇంకేం చూస్తారు?" అంటాడు. గీత రావడం చాలదు. కనీసం ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వండి. ఈలోగా గాజు మీద అడ్డంగా కాలిన చార ఉందేమో చూడండి. ఏళ్ల తరబడి ఒకేచోట గీత నిలబెట్టిన ల్యాబ్ పరికరాలకు అది ఉంటుంది.

తర్వాత ప్రోబ్‌ని (సిగ్నల్‌ని స్కోప్‌కి తెచ్చే కొలత తీగని) ముందు ప్యానెల్ మీద ఉన్న క్యాలిబ్రేషన్ కొక్కేనికి తగిలించండి. 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ వస్తుంది. పైభాగం చదునుగా, గళ్ల లెక్క దాని పక్కన రాసిన వోల్టేజ్‌కి దగ్గరగా ఉండాలి. వీటి కచ్చితత్వమే మామూలుగా 3 శాతం, కాబట్టి వెంట్రుకవాసి తేడా పట్టించుకోవద్దు. ఇప్పుడు అసలు పరీక్ష: టైమ్ బేస్‌ని అన్నిటికన్నా వేగంగా తిప్పి, పదింతల మ్యాగ్నిఫికేషన్ కూడా వేసి, ఆ స్క్వేర్ వేవ్ అంచు కనిపిస్తోందేమో చూడండి. సెకనుకు వెయ్యిసార్లే వచ్చే అంచుని అంత వేగంగా గీస్తే కాంతి చాలా తక్కువ పడుతుంది. దుకాణం ట్యూబ్‌లైట్ వెలుగులో కూడా అది మసకగానైనా కనబడితే సీఆర్టీలో ఇంకా సత్తువ ఉంది. బ్రైట్‌నెస్ మొత్తం పెంచినా ఏమీ కనబడకపోతే, నెమ్మది వేగాల్లో ఎంత అందంగా ఉన్నా అది మేడిపండే.

ఎక్స్‌వై చూడటానికి సిగ్నల్ జనరేటర్ మోసుకెళ్లక్కర్లేదు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్, హెడ్‌ఫోన్ పిన్ కేబుల్ చాలు. ఎడమ, కుడి రెండిట్లోనూ ఒకే 1 కిలోహెర్ట్జ్ ఇస్తే ఏటవాలు గీత రావాలి. ఒకవైపు 400, ఇంకోవైపు 800 హెర్ట్జ్ ఇచ్చేలా యాప్ ఒప్పుకుంటే, ఒకటీ రెండు నిష్పత్తి లిస్సాజు బొమ్మ కదలకుండా నిలబడాలి. బొమ్మ వంకర పోతే ఏదో ఒక ఛానెల్‌కి జబ్బుంది. ఇలా చూస్తూనే ప్రతి స్విచ్‌ని, ప్రతి స్థానంలోనూ తిప్పండి. ట్రిగ్గర్ రెండు వాలుల మీదా పట్టాలి. ఇంత చేస్తుంటే అమ్మేవాడికి విసుగొస్తుంది, రానివ్వండి. బేరానికి అదీ పనికొస్తుంది.

కొత్త సీఆర్వో కొంటే పోలేదా అంటే, కాలేజీ ల్యాబుల కోసం 20, 30 మెగాహెర్ట్జ్‌వి ల్యాబ్ సరఫరాదారుల దగ్గర దొరుకుతాయి. సొంత డబ్బు పెట్టేవాళ్లు వాటి జోలికి పోనక్కర్లేదు. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే రెండు ఛానెళ్ల డిజిటల్ వస్తుంది. అనలాగ్, డిజిటల్ రెండూ ఒకే పెట్టెలో ఉన్న కాంబీస్కోపులు హామెగ్ నుంచి, ఫిలిప్స్-ఫ్లూక్ నుంచి వచ్చేవి. బుద్ధి పుట్టించే పరికరాలే, కానీ ఇప్పుడు అన్నీ పాతవే. రెండు పరికరాల జబ్బులూ ఒకేచోట కొనుక్కోవడం దేనికి?

డిజిటల్ కొంటే ఏది?

ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే దొరికే, అరచేతిలో పట్టే స్కోపులతో మొదలుపెడతాను, ఎందుకంటే ముందు కన్ను పడేది వాటి మీదే. అట్ట మీద రాసిన బ్యాండ్‌విడ్త్ (ఎన్ని మెగాహెర్ట్జ్ దాకా సరిగా చూపగలదో), శాంపిల్ రేట్ అంకెలను నమ్మి కొనొద్దు. బ్యాటరీ మీద నడుస్తాయి కాబట్టి బండి మీద వెళ్లి సెన్సార్ ఉందా లేదా చూసే పనికి, ఆడియో సిగ్నల్ ఎక్కడ ఆగిపోయిందో వెతకడానికి పనికొస్తాయి. బెంచీ మీద ఉన్న ఒక్క స్కోప్‌గా వద్దు. చేతిలో నిజంగా ఆ కొన్ని వేలే ఉంటే, పైన చెప్పిన పరీక్షలన్నీ పాసైన పాత 20 మెగాహెర్ట్జ్ సీఆర్వో కొనుక్కోండి. ఇది నా రెండో మినహాయింపు.

పాత బ్రాండెడ్ డిజిటల్ సెకండ్ హ్యాండ్‌లో వస్తే? మెమరీ 2,500 పాయింట్లేనా అని అడగండి. అవునంటే పైన చెప్పిన కథంతా మీకూ జరుగుతుంది. పేరు చూసి ఎక్కువ పెట్టొద్దు.

కొత్తవాటిలో నా లెక్క ఇలా ఉంటుంది. ఆడియో ప్రధానమైతే 12 బిట్లవి: రిగోల్ డీహెచ్‌వో804 గానీ, సిగ్లెంట్ ఎస్‌డీఎస్804ఎక్స్ హెచ్‌డీ గానీ. రెండూ 70 మెగాహెర్ట్జ్, నాలుగు ఛానెళ్లు. 8 బిట్లవాటిలో నిలువునా 256 మెట్లే, 12 బిట్లలో 4,096. గీత సన్నగా, ప్రశాంతంగా ఉంటుంది, సీఆర్వో నుంచి వచ్చినవాళ్లకు కంటికి ఇదే హాయి. ఎఫ్‌ఎఫ్‌టీలో (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసి చూపే లెక్కలో) 100 హెర్ట్జ్ హమ్ ఫిల్టర్ కెపాసిటర్‌దా, 50 హెర్ట్జ్ హమ్ ఎర్తింగ్‌దా అన్నది విడిగా కనబడుతుంది. ఎస్‌ఎంపీఎస్, డిజిటల్ బోర్డులే ఎక్కువైతే 8 బిట్ల 1104ఎక్స్-ఈ కూడా దివ్యంగా సరిపోతుంది, 100 మెగాహెర్ట్జ్, సెకనుకు లక్ష తరంగాలు దాని బలం. డీఎస్1054జడ్ పాతబడింది కానీ సెకండ్ హ్యాండ్‌లో మంచి ధరకు వస్తే వదలొద్దు. నాలుగు ఛానెళ్లూ వాడితే శాంపిల్ రేట్ నలుగురూ పంచుకుంటారని మాత్రం గుర్తుంచుకోండి.

బ్యాండ్‌విడ్త్ ఎంత కావాలో తేల్చుకోవడానికి ఒక సులువు: 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే స్కోప్ చూపించగల అతి వేగమైన అంచు వస్తుంది. 20 మెగాహెర్ట్జ్‌కి 17.5 నానోసెకన్లు, 50కి 7, 100కి 3.5. ఆడియోకి 20 కూడా ఎక్కువే. మాస్‌ఫెట్ గేట్ డ్రైవ్‌ల దగ్గర 100 ఉంటే నిశ్చింత.

దిగుమతి చేసుకుంటే చవక అనిపిస్తుంది కానీ కస్టమ్స్ సుంకం, 18 శాతం జీఎస్టీ, వారంటీ కోసం తిరిగి పంపే ఖర్చు కలిపి చూడండి. ఈ కంపెనీలన్నిటికీ దేశంలో డిస్ట్రిబ్యూటర్లున్నారు. జీఎస్టీ నంబర్ ఉన్న రిపేరు షాపులు బిల్లుతో కొంటే ఆ పన్ను క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది, ఈ సంగతి మనవాళ్లు చాలామంది మరిచిపోతారు. కొలతలకు సర్టిఫికెట్ కావాల్సిన పనులు చేసేవాళ్లయితే కేంద్ర ప్రభుత్వ పరీక్ష, నాణ్యత ధ్రువీకరణ విభాగం ఎస్‌టీక్యూసీకి నగరంలోనే ఈటీడీసీ ల్యాబ్ ఉంది, క్యాలిబ్రేషన్ కోసం బెంగళూరు వెళ్లక్కర్లేదు.

ఆఖరుగా ప్రోబ్‌లు. స్కోప్ మీద వేలు పోసి, ప్రోబ్ దగ్గర వందలు మిగుల్చుకునేవాళ్లను చూస్తూనే ఉంటాం. ఒకటీ పదీ మారే స్విచ్ ఉన్న ప్రోబ్‌ని ఎప్పుడూ పదిలోనే పెట్టండి. ఒకటిలో పెడితే దాని బ్యాండ్‌విడ్త్ 6 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, 100 మెగాహెర్ట్జ్ స్కోప్ కొన్న డబ్బు అక్కడే పోతుంది. ప్రోబ్‌ని కొత్త స్కోప్‌కి తగిలించిన మొదటి రోజే 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ పైభాగం చదునయ్యేదాకా దాని చిన్న స్క్రూని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో తిప్పండి. పాత సీఆర్వో ప్రోబ్‌లను వాడితే ఆ స్క్రూ కొత్త స్కోప్ ఇన్‌పుట్ కెపాసిటెన్స్‌కి అందుతుందో లేదో కూడా అప్పుడే తేలుతుంది. మెయిన్స్ వైపు పనికి మాత్రం వందింతల ప్రోబ్ విడిగా కొనండి, వీలైతే డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌తో పని లేకుండా రెండు చోట్ల మధ్య తేడా కొలిచేది). గుజరాతీ గల్లీలో రేటింగ్ ముద్ర లేని ప్రోబ్ ఎంత చవకగా ఇచ్చినా 325 వోల్టుల మీద పెట్టొద్దు.